గుమ్మంలోనే అందిన నమస్కారాలు

నా చిన్నప్పుడు, కొత్తపేట దగ్గర మా ఊళ్లో, ఆదివారం టీవీలో సినిమా మొదలయ్యేలోపు పక్కింటి అక్క వాళ్ల కొబ్బరికాయల సావిట్లో పిల్లలమంతా చేరి ఉపన్యాసాలు దంచేవాళ్లం. అక్క అమలాపురంలో డిగ్రీ చదివేది. కాలేజీలో అలాంటి సంఘమేదో చూసి వచ్చి మాకూ ఒకటి పెట్టింది. ఒక వారం స్వాగతం పలకాలి, ఒక వారం అప్పటికప్పుడు ఇచ్చిన విషయం మీద మాట్లాడాలి, ఇంకో వారం కథ చెప్పాలి. మనిషికి ఐదు నిమిషాలు. అవగానే అక్క గరిటెతో స్టీలు పళ్లెం మీద కొట్టేది.

నా ఉపన్యాసం ఏ ఆదివారమూ విషయం దాకా వెళ్లలేదు. మా వైపు మర్యాదల సంగతి తెలిసిందే కదా, సభలో ఒక్కరి పేరు వదిలేస్తే ఆ ఒక్కరూ ఏడాదంతా గుర్తుపెట్టుకుంటారు. అందుకని అధ్యక్షురాలు అక్కగారు, సావిడి ఇచ్చిన వాళ్ల నాన్నగారు, మంచినీళ్లిచ్చిన పిన్నిగారు, ముందు వరసలో నిద్రపోతున్న మా తమ్ముడుగారు, అందరికీ పేరుపేరునా నమస్కారాలు చెప్పేదాన్ని. ఇక విషయానికొస్తే అనగానే పళ్లెం మోగేది. పిల్లలు నన్ను నమస్కారాలమ్మ అనేవారు. పైకి నవ్వేదాన్ని గానీ ఒళ్లు మండిపోయేది.

నిజానికి నాకు కథలంటే ప్రాణం. సంఘం వార్షికోత్సవానికి పెద్దలను పిలుస్తున్నారనీ, కథ చెప్పేది ఒక్కరేననీ తెలిసి, నన్నే చెప్పనివ్వమని అక్క వెంటపడ్డాను.

"సరేగానీ, ఈసారి కూడా కథలోకి రాలేదనుకో, ఇంక నీకు ఎప్పటికీ వందన సమర్పణే," అంది అక్క.

అంతకంటే శిక్ష ఉంటుందా? వందన సమర్పణ వేళకి జనం చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు.

ఆ రోజు సావిడి నిండిపోయింది. అక్క మాత్రం గుమ్మంలోనే నిలబడి, వచ్చినవాళ్లందరికీ దణ్ణం పెట్టి ఏదో చెబుతోంది. నన్ను పిలిచారు. లేచి ముందుకెళ్లాను. ఎదురుగా మా పెద్ద మావయ్య కూర్చున్నారు. శుభలేఖలో తన పేరు కింద వేశారని పెళ్లిలో భోజనం చెయ్యకుండా వెళ్లిపోయిన మనిషి ఆయన. ఇంకేముంది, నా నోరు దానంతటదే మొదలుపెట్టేసింది.

"గౌరవనీయులైన మా పెద్ద మావయ్యగారికి..."

"అందిందమ్మా," అన్నారాయన. "నువ్వు దణ్ణాలు చెప్పమన్నావని గుమ్మంలోనే చెప్పింది ఆ అమ్మాయి. ఏవండీ, మీకూ చెప్పిందా?" అని వెనక్కి తిరిగారు.

"ఆయ్, అందేయండీ," అన్నాయి వెనక వరసలు.

"నాక్కూడా అందిందే, కథ చెప్పు," అంది మా అమ్మ.

నమస్కారం పెట్టడానికి మనిషన్నవాడు మిగల్లేదు. అప్పుడు తెలిసింది నాకు, అన్నాళ్లూ నాది మర్యాద కాదు, భయం. నమస్కారాలు చెబుతున్నంతసేపూ కథ మొదలుపెట్టక్కర్లేదు కదా.

ఇక దారిలేక, పెళ్లి భోజనాలకని కోసి తెచ్చిన అరిటాకులన్నీ మేక తినేసిన కథ ఎత్తుకున్నాను. ఆ మేక పెద్ద మావయ్యదే. ఆయన నవ్వి నవ్వి కండువాతో కళ్లు తుడుచుకున్నారు. మేకని పట్టుకోవడానికి పెళ్లికొడుకు పరిగెడుతుండగా పళ్లెం మోగింది.

"ఆ మోత ఆపమ్మా, తర్వాతేవైందో విననీ," అన్నారు మావయ్య. అక్క గరిటె పక్కన పెట్టేసింది.

ఇప్పుడు నేను టీచర్ని. ఏ సభకి పిలిచినా ముందే వెళ్లి, గుమ్మంలో నిలబడి అందరినీ పలకరించేస్తాను. అయినా మైకు ముందుకెళ్తే ఈ వయసులోనూ గౌరవనీయులైన అన్న మాట నాలుక మీదికి వచ్చేస్తుంది. నా భయం నలుగురిలో బయటపడకుండా, నా తరఫున ఊరందరికీ దణ్ణాలు పెట్టిన అక్క గుర్తొస్తుంది. ఆ మాట మింగేసి, తిన్నగా కథలోకి దిగిపోతాను.