ఆరు కిలోల సంచీ, నిండు గ్లాసు

మోటారుసైకిలు కొనబోయేవాడు మామూలుగా మైలేజీ అడుగుతాడు, రంగు చూస్తాడు, ఎవరూ చూడకుండా దాని అద్దంలో మొహం చూసుకుంటాడు. ఫిట్టరు బావ ఇవేవీ చేసేవాడు కాదు. సంచీలోంచి కొలతకి గీతలు గీసుకున్న స్టీలు గ్లాసు తీసి, అంచుదాకా నీళ్ళు పోసి, వెనక సీట్లో కూర్చున్నవాడి చేతిలో పెట్టేవాడు. బండి ఊరు చుట్టి వచ్చాక గ్లాసులో ఎన్ని నీళ్ళు మిగిలాయో అదే ఆ బండి విలువ. మిగలని నీళ్ళు ఎక్కడికి పోయాయో తెలిసిన మనిషి లోకంలో ఒక్కడే. ఆ వెనక సీటు మనిషి, బావకి స్వయానా బావమరిది, వృత్తికి టైలరు.

వీధిలో అందరికీ ప్యాంట్లు కుట్టి, మడత నలక్కుండా ఇస్త్రీ చేసి ఇచ్చే టైలరు ఆ మూడు నెలలూ ప్రతి ఆదివారం తడి ప్యాంటుతో ఇంటికొచ్చాడు. ఇన్నేళ్ళయినా, కొత్త బండి కొన్నానని ఎవరైనా అంటే చాలు, అతని చెయ్యి తెలీకుండానే తొడ మీదికి పోతుంది, తడిసిందేమోనని.

బావకి బండి అవసరం ఊరికే రాలేదు. ఆయన పనిచేసేది తూకం యంత్రాల ఫ్యాక్టరీలో. ఇరవైమూడేళ్ళ సర్వీసు. ఒకరోజు గేటు మీద నోటీసు అంటించారు. మూడు నెలల్లో ఫ్యాక్టరీ ఊరికి ముప్ఫైనాలుగు కిలోమీటర్ల అవతలికి వెళ్ళిపోతుంది. కంపెనీ బస్సు ఉండదు. మారిన నెల ఒకటో తారీకు నుంచి, ఉదయం ఏడింటికి కొత్త గేటు లోపల లేనివాళ్ళు తమంతట తామే ఉద్యోగం మానుకున్నట్టు లెక్క. ‘తమంతట తామే’ కింద గీత కూడా గీశారు. మనిషిని మెడపట్టి గెంటితే కేసవుతుంది. గేటునే ఎత్తుకుపోతే కేసేముంది? నడుం పోయినవాళ్ళు, మోకాళ్ళు అరిగినవాళ్ళు వాళ్ళే రాలిపోతారు. ఫ్యాక్టరీ వాళ్ళు తూకం యంత్రాలైతే నిక్కచ్చిగా చేసేవాళ్ళు గానీ, మనుషుల దగ్గర మాత్రం తక్కెడలో వేలు పెట్టేవాళ్ళు.

కార్మికులు గేటు ముందు వారం రోజులు కూర్చున్నారు. బస్సు రాలేదు. బావ స్కూటరు వీధి చివరికి పోవడానికే ఒగర్చేది. “రోజుకి అరవై ఎనిమిది కిలోమీటర్లు. క్రూజరు కొంటాను. హాయిగా కూర్చుని పోయే బండి” అని ప్రకటించాడు.

మొదటి ఆదివారం బావమరిదిని తూకం మీద నిలబెట్టాడు.

“యాభై రెండు. ఆరు తక్కువ” అన్నాడు పెదవి విరిచి.

“దేనికి బావా తక్కువ?”

“బండికి.”

ఫ్యాక్టరీలో పక్కన పారేసిన కిలో రాళ్ళు ఆరు ఖాకీ సంచీలో వేసి టైలరు భుజానికి తగిలించాడు.

“ఇదేం శిక్ష బావా!”

“ఇష్టం లేకపోతే ఆరు కిలోలు ఒళ్ళు చెయ్యి. సంచీ తీసేస్తా.”

మొదటి షోరూములో నల్లటి క్రూజరు తళతళ మెరుస్తూ నిలబడి ఉంది. బావ ఆరడుగుల మనిషి. టేపు తీసి సీటు ఎత్తు కొలవడం మొదలుపెట్టాడు.

“సార్, మీ హైటుకి ఇంకాస్త ఎత్తు బండి బావుంటుంది” అన్నాడు సేల్స్‌మన్.

“నా హైటు సంగతి నిన్నడిగానా బాబూ? సీటు నేలకి ఎంత దగ్గరుంటే అంత మంచిది.”

“ఎందుకు సార్?”

“పడితే దెబ్బ తక్కువ తగులుతుంది.”

బావకి ఒక దారి ఉండేది. ఏడు గతుకులు, రెండు స్పీడుబ్రేకర్లు, ఒక రైలు గేటు. ఏ బండైనా ఆ దారినే పోవాలి. ఆ నల్ల బండికి ముందు సీటు సోఫాలా ఉంది, వెనక సీటు బిస్కెట్టంత ఉంది. తిరిగొచ్చేసరికి గ్లాసు సగమైంది.

“మిగతా సగమేదిరా?”

“నా దగ్గరే ఉంది బావా. పిండి ఇమ్మంటావా?”

రెండో బండి గతుకుల్లో బాగానే పోయింది గానీ, ఇంజను చప్పుడుకి గ్లాసులో నీళ్ళు మరుగుతున్నట్టు వణికాయి.

“సార్, ఆ సౌండు వినండి. గుండెకాయ కొట్టుకున్నట్టు లేదూ?” అన్నాడు అక్కడి సేల్స్‌మన్.

“నా గుండెకాయకేం, ముందు సీట్లో దర్జాగా ఉంది. వెనక కూర్చున్నవాళ్ళ గుండెకాయ సంగతి చెప్పు.”

“పళ్ళు కూడా కొట్టుకున్నాయి బావా” అన్నాడు టైలరు.

నెల తిరక్కుండా బావ పేరు ఊళ్ళోని షోరూములన్నిటికీ పాకింది. ఆయన స్కూటరు మలుపులో కనపడితే చాలు, “గ్లాసు సారొస్తున్నాడు, టవలు తియ్యండ్రా!” అని లోపల కేకలు వినిపించేవి. ఒక షోరూము మేనేజరు మంచివాడు. బళ్ళు కడిగే షెడ్డులోంచి రబ్బరు ఏప్రన్ తెప్పించి టైలరుకి కట్టించాడు. నీళ్ళు ఏప్రన్ మీంచి జారి నేరుగా బూట్లలోకి పోయాయి.

ఇరవై ఆరో తారీకున టైలరు అక్కకి ఓపిక చచ్చిపోయింది.

“ఊళ్ళో బళ్ళన్నిటికీ నీళ్ళు తాగించారు. ఇంకా నాలుగు రోజులే ఉంది. ఒకటో తారీకున గ్లాసెక్కి వెళ్తారా ఫ్యాక్టరీకి?”

“దొరుకుతుందిలేవే. నీళ్ళు చెప్తాయి.”

నీళ్ళు చెప్పింది షోరూములో కాదు, ఒక మెకానిక్ షెడ్డులో. పాత క్రూజరు. ట్యాంకు రంగు వెలిసిపోయి, ఒక పక్క సొట్టపోయి, చూస్తే జాలేసేట్టుంది. కానీ పొడుగాటి సీటు, నేలబారు ఎత్తు. వెనక స్ప్రింగులు మార్పించి, రెండ్రోజులు అక్కడే కూర్చుని వాటిని బిగిస్తూ వదులుచేస్తూ బావ మెకానిక్ ప్రాణం తీశాడు. ఇరవై తొమ్మిదిన ఏడు గతుకులూ దాటొస్తే గ్లాసులోంచి పోయినవి మూడు చుక్కలు. టైలరు పొడి ప్యాంటుతో దిగి, సంతోషం పట్టలేక బావని కౌగిలించుకోబోయాడు. బావ అప్పటికే గ్లాసుని ముద్దుపెట్టుకుంటున్నాడు.

“ఇక నీ పని ఒక్కటే ఉంది” అంటూ బావ ఒక కాగితం చేతిలో పెట్టాడు. “వెనక సీటుకి మెత్త, వీపు ఆనే దిమ్మకి కవరు. కొలతలు అందులో ఉన్నాయి. కుడివైపు దూది దట్టంగా పెట్టు.”

టైలరు కాగితం చదివి కుట్టుమిషను ముందు కూలబడ్డాడు. అక్క పొడగరి, భుజాలు వెడల్పు. ఆ వీపు అతను పాతికేళ్ళుగా కొలుస్తున్న వీపు. కాగితంలో ఉన్నది నాలుగంగుళాలు పొట్టి. ఎవరిదీ వీపు? బావ ఇన్నాళ్ళూ గ్లాసులో నీళ్ళు పోసింది ఎవరికోసం? అక్క కాపురం గతేమిటి? ఆ మెత్త కుడుతూ మూడుసార్లు వేలికి సూది గుచ్చుకున్నాడు. అయినా కుట్టు మాత్రం వంకర పోలేదు, వృత్తి వృత్తే.

ఒకటో తారీకు తెల్లవారగానే సైకిలు వేసుకుని వెళ్ళి, బావ పోయే దారిలో మూసి ఉన్న మందుల షాపు మెట్ల చాటున నక్కాడు. క్రూజరు దుగ్గుదుగ్గుమంటూ వచ్చి ఎదురింటి ముందు ఆగింది. తలుపు తీసుకుని ఒకావిడ బయటికొచ్చింది. యాభై ఆరేళ్ళుంటాయి. నడుముకి వెడల్పాటి బెల్టు, చేతిలో లంచ్ డబ్బా. టైలరు గుర్తుపట్టాడు, సీలమ్మ!

ఫ్యాక్టరీలో ప్రతి తూకమూ ఆఖరున ఆవిడ సరిచూసి సీలు వేస్తేనే బయటికి పోయేది. అందుకే అందరూ అలా పిలిచేవాళ్ళు. నాలుగేళ్ళ క్రితం స్టోరులో ఇనుప రాక్ ఆవిడ వెన్ను మీద పడింది. రాక్ తుప్పుపట్టి ఉందని కంపెనీ రాయలేదు, ఆవిడ అక్కడ అజాగ్రత్తగా నిలబడిందని రాసింది. బస్సులో పది నిమిషాలు నిలబడితే ఆవిడ ఆ రోజుకి లేవలేదు. సర్వీసు ఇంకా రెండేళ్ళుంది. ‘తమంతట తామే’ కింద గీసిన గీత ఆవిడలాంటి వాళ్ళ కోసమే.

“ఎన్నిసార్లు చెప్పాలయ్యా ఫిట్టరూ? నేను ఆర్టీసీ బస్సులో వస్తాను. నా మీద ఎవరూ జాలిపడక్కర్లేదు” అంటోంది సీలమ్మ.

“జాలి మీమీద కాదండీ, నామీద చూపించండి. వెనక సరిగ్గా యాభై ఎనిమిది కిలోలు లేకపోతే ఈ బండి హ్యాండిలు వణుకుతోంది. మా బామ్మర్ది యాభై రెండే. రాళ్ళు కట్టి తిప్పితే ఏడుస్తున్నాడు.”

“నా బరువు నీకెలా తెలుసు?”

“ప్రతి కొత్త మిషనూ ముందు మీరెక్కి కదండీ చూస్తారు! ఇరవైమూడేళ్ళుగా ఆ ముల్లు చూస్తున్నా.”

ఆవిడ బండి చుట్టూ ఒకసారి తిరిగింది. స్ప్రింగులు నొక్కి చూసింది. వీపు దిమ్మ మీద చెయ్యి పెట్టి, కుడివైపు దట్టంగా ఉన్న చోట కాసేపు ఆపింది. ఫ్యాక్టరీలో ఆవిడ కుర్చీకి సరిగ్గా అక్కడే తలగడ ఉండేది.

“ఇరవై ఎనిమిదేళ్ళుగా తప్పు తూకాలు పట్టుకుంటున్నాను ఫిట్టరూ. నువ్వు చెప్పేది పచ్చి అబద్ధం.”

“అయితే సీలు వెయ్యకండి. ముందు ఎక్కండి, ఆరవుతోంది.”

ఆవిడ నవ్వింది. ఎక్కింది. మొదటి గతుకు దగ్గర మెట్ల చాటున టైలరు ఊపిరి బిగబట్టాడు. గతుకు దాటాక కూడా సీలమ్మ నవ్వుతూనే ఉంది.

టైలరు ఆ సైకిలు మీదే అక్క దగ్గరికి పరిగెత్తాడు.

“నీకు ముందే తెలుసా?”

“గ్లాసు మీద ఆకురాయితో గీతలు గీస్తున్నప్పుడే అడిగాను, చెప్పేశారు.”

“మరి నాకెందుకు చెప్పలేదే!”

“చెప్తే నువ్వు గ్లాసు జాగ్రత్తగా పట్టుకుంటావట. అప్పుడు నీళ్ళు ఒలక్కపోవడం బండి మంచితనమో నీ చేతి మంచితనమో ఆయనకి తెలీదట.”

రెండేళ్ళపాటు సీలమ్మ రోజూ ఏడుకి పది నిమిషాల ముందే గేటు దాటింది. ‘తమంతట తామే’ జాబితాలో చాలామంది పేర్లు చేరాయి, ఆ కోపం బావకి చివరిదాకా పోలేదు. ఆవిడ పేరు మాత్రం చేరలేదు. తన తారీకున, తన సంతకంతో, తలెత్తుకుని రిటైరైంది.

ఆ తర్వాతి ఆదివారం బావ టైలరు షాపు ముందు క్రూజరు ఆపాడు.

“రారా, ఊరవతలికి పోయొద్దాం. వెనక బోసిగా ఉంది.”

టైలరు బల్ల కిందినుంచి ఖాకీ సంచీ తీసి భుజానికి వేసుకున్నాడు.

“అదెందుకురా ఇప్పుడు?”

“యాభై ఎనిమిది లేకపోతే హ్యాండిలు వణుకుతుందన్నావుగా.”

బావ ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. “నువ్వక్కడున్నావా?”

“ముందు గ్లాసివ్వు బావా.”

ఏడు గతుకులూ మెత్తగా గడిచిపోయాయి. రైలు గేటు దాటాక టైలరు చూసుకున్నాడు. గ్లాసు నిండుగా ఉంది, ప్యాంటు పొడిగా ఉంది. ఎందుకో వెలితిగా అనిపించింది. బావ చూడకుండా నాలుగు చుక్కలు తనే ఒళ్ళో ఒంపుకున్నాడు.