నడిమి గీతకు అవతలి సగం

నీటితో విడవవలసిన తర్పణం వారి కుమార్తె విడిచింది. మాటతో విడవవలసిన వంతు నాది. కల్లూరులో మా పొరుగింటి డ్రాయింగు సారు ఒక ఆదివారం తెల్లవారుతూనే కన్నుమూశారు. నేటికి పన్నెండు దినాలు. వారికి నేను చెప్పవలసిన క్షమాపణ ఒకటి చెప్పకుండానే మిగిలిపోయింది.

కర్నూలు బడిలో పిల్లలకు కుండలూ మామిడికాయలూ గీయడం నేర్పిన సారుకు, మనసంతా రెండు వందల ఏండ్ల కిందటి ఫ్రాన్సు చక్రవర్తి కాలం నాటి రాజభవనాల మీద ఉండేది. ఆ మందిరాల గోడలకూ పైకప్పులకూ ఆనాటివారు గీసిన నమూనాల అచ్చుప్రతులను ఒక అట్టపెట్టెలో దాచుకొన్నారు. ఆకుల దండలు, రెక్కల సింహాలు, విచ్చిన తాటాకు వంటి అలంకారాలు. చేతులు కడుక్కొని వస్తేనే చూపేవారు. వాటిలో కొన్ని సగమే ఉండేవి; నడిమి గీతకు అవతల ఖాళీ. ఆ గీత మీద చిన్న అద్దం నిలబెట్టగానే దండ నిండుగా కనిపించేది.

“మీ పద్యంలో యతి మాదిరే సామీ. ఈ పక్క పడితే ఆ పక్క ఏం రావాల్నో తెలిసిపోతాది” అని పద్యాలల్లే నాతో అనేవారు.

మా కొత్త ఇంటి ముందరి గది పైకప్పుకు ఆ తీరుగానే సగం దండ గీసి ఇచ్చారు. సీలింగు మేస్త్రీ ప్లాస్టరుతో సగం దండే పోసి దిగాడు.

“కాగితంలో ఎట్లుండాదో అట్లే చేసినా సామీ. ఆ పక్క తెల్లగుండాది, తెల్లగానే ఇడిస్తి.”

నాకు కోపం ఆగలేదు. పని చూడవచ్చిన సారును పనివాళ్ళందరి ఎదుటా, “ఇన్నేండ్లు పిల్లోళ్లకు నేర్పింది ఇట్లాంటి సగం చదువేనా సారూ?” అన్నాను.

సారు తలెత్తి చూశారు. “శానా నీటుగా చేసినావప్పా” అని ముందు మేస్త్రీని మెచ్చుకొన్నారు. తరువాత నాతో, “తప్పు నాది సామీ. అద్దం పెట్టి సూపిచ్చల్యా. సోమవారం వచ్చి దగ్గరుండి చేపిస్తా” అన్నారు. అద్దం మా గూట్లో పెట్టి వెళ్ళారు. అది శుక్రవారం. వినయాన్ని గురించి ఎన్నో శ్లోకాలకు అర్థం చెప్పిన నేను, సోమవారం క్షమాపణ అడుగుదామని ఊరకున్నాను. ఆ ఆదివారమే సారు వెళ్ళిపోయారు.

నిన్న మేస్త్రీ వచ్చాడు. “కొట్టేసి సదును చేసేదా సామీ?”

వద్దన్నాను. గూట్లోని అద్దం తీసి కాగితం మీద నిలిపాను. అతను వంగి చూశాడు.

“ఆ సగం దీన్లో పెట్టి పోయినాడే సారు!”

ఇది రాస్తున్న వేళ అతను పరంజా మీద ఉన్నాడు. అద్దంలో చూసుకొంటూ ఒక్కొక్క ఆకే అవతలి వైపుకు అతుకుతున్నాడు. గీసే పిల్లలకు చేయి నిలుచుగాక. దిద్దే పెద్దలకు మాట మెత్తబడుగాక. చెప్పవలసిన మంచిమాట ఏ సోమవారానికీ మిగలకుండుగాక.