మేస్త్రీ పంచె పట్టుకున్న కుర్చీ

దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. రేకు కుర్చీ మీద మాత్రం వద్దు.

అరవైల్లో మేము బోధన్‌లో ఉండేవాళ్లం. మా ఆయన ఇంటి వెనక కొట్టంలో రేకు డబ్బాలు చేసేవాడు. చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు కొలువు మీద ఆశ. కొలువు ఇప్పించే పెద్దమేస్త్రీని మెప్పించాలని ఒక రేకు కుర్చీ చేశాడు. బొక్కలు కొట్టిన రేకును రెండు ఇనుప అచ్చుల నడుమ పెట్టి మర బిగిస్తే, బొక్క చుట్టూ అంచు వంగి రేకు గట్టిపడుతుంది.

"ఏనుగు కూసున్నా వంగది," అన్నాడు.

తడిమి చూశాను. అంచులు పైకి లేచి గరుకుగా తగిలాయి.

"ఇవి కిందికుండాలె గదా? ఆకురాయితోనన్న నున్నగ రుద్దకపోతివి."

"కిందికుంటే నా పనితనం ఎవలకు కనవడ్తది? నువ్వు పోయి గారెలు సెయ్యి."

మేస్త్రీ వచ్చాడు. ఏనుగుకు కొంచెమే తక్కువ. కూర్చుని పది గారెలు తిన్నాడు. కుర్చీ వంగలేదు. మా ఆయన మీసం దువ్వాడు.

మేస్త్రీ లేచాడు. ఆయనతోపాటు కుర్చీ కూడా లేచింది! మా ఆయన కంగారుగా కుర్చీని గుంజితే, అంచులకు చిక్కిన పంచె పర్రున చిరిగింది.

"రేకుకు బొక్కలేస్తవంటే వస్తి. పంచెకు గూడ ఏస్తివి గదరా!"

"అంచులు కిందికుండాలని నేను అప్పుడే చెప్పిన," అని నోరు జారాను.

"అయితే కొలువు నీకే ఇయ్యాలె చెల్లె," అంటూ మేస్త్రీ మా దుప్పటి చుట్టుకొని వెళ్లిపోయాడు.

కొలువూ రాలేదు, దుప్పటీ రాలేదు. మా ఆయన మాత్రం "కుర్చీ వంగలే గదా" అని ఇప్పటికీ అంటాడు.

మీ ఇల్లు చల్లగుండాలి. మీ ఇంటికొచ్చినవాళ్ల పంచెలు పదిలంగా ఉండాలి.