పెద్ద గంగకు చేరని ఒడిబియ్యం

మొన్న మా మేనకోడలు ఫోనులో రెండు బొమ్మలు పంపింది. ఒకదాంట్లో మంచు కప్పిన కొండలు, వాటి నడుమ ఒక ఊరు. ఇంకోదాంట్లో చుట్టూ నీలంగా సముద్రం, మధ్యలో కొబ్బరిచెట్ల దీవి. "అత్తా, నాన్న రిటైరైండు గదా, అందరం కలిసి పోదాం, కొండకా దీవికా, నువ్వు ఏదంటే అదే" అని కింద రాసింది. ఆ పిల్లకేం తెలుసు, పాపం! ఇదే ప్రశ్న మా ఇంట్లో ఇరవై ఏళ్ల కిందట ఒకసారి లేచిందని, అప్పటినుంచే నేను మా వదినెతో పెళ్లిళ్లలో, చావుల్లో తప్ప నోరు విప్పడం మానేశానని దానికెవరూ చెప్పలేదు. ఫోను బోర్లా పెట్టి, పొయ్యి మీద పాలు పొంగి పొర్లేదాకా అట్లాగే కూర్చున్నాను. ఏళ్లు గడిస్తే కోపం చల్లారుతుందని అంటారు గానీ, నా కోపం అట్లాంటిది కాదు.

అప్పట్లో నేను వనపర్తిలో టీచరుగా చేసేదాన్ని. అన్న నాగర్‌కర్నూల్‌లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. నాన్న పోయాక అమ్మ తెలకపల్లి దగ్గర మా ఊళ్లోనే ఉండి వాననీటితో పండే మా చెలక చూసుకునేది. రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ల కరువు మా పాలమూరు వాళ్లెవరూ మరిచిపోయి ఉండరు. పశువులను అంగళ్లకు తోలి అమ్ముకుని కంటికి నీరు పెట్టుకున్న రోజులవి. ఆ రోజుల్లో అమ్మ బోరు వేయించింది. బోరు బండి రోజంతా మొత్తుకున్నా తెల్లటి దుబ్బ తప్ప తడి కనిపించలేదు. బండివాడు ఇక గొట్టాలు లేపుతానన్నప్పుడు అమ్మ ఆ దుబ్బలోనే కూలబడి, నీళ్లు పడితే సముద్రంలో ఉన్న పెద్ద గంగకు ఒడిబియ్యం పోయిస్తానని మొక్కుకుంది. ఇంకొంచెం దిగాక నీళ్లు ఎగిరి ఆమె నెత్తిన పడ్డాయి.

పుట్టింటివాళ్లు ఆడపిల్ల ఒడిలో పోసే పసుపు బియ్యమే గంగమ్మకూ పోయాలన్నది ఆమె లెక్క. నదిలో పోయవచ్చు కదా అంటే ఒప్పుకునేది కాదు. "పారే గంగ ఇంక తొవ్వలున్న పిల్ల బిడ్డా, కాపురం జేసే గంగ సముద్రంల ఉంటది, ఆమెకే ఒడి నింపాలె" అనేది. తాను భర్త లేని మనిషి కాబట్టి తన చేత్తో పోయకూడదని, ఆ పని నేనే చేయాలని నా దగ్గర మాట తీసుకుంది. ఆ మొక్కు తీరేదాకా బోరు మోటరు వేసిన ప్రతిసారీ నీళ్లు వస్తాయో రావోనని గొట్టం దగ్గరే నిలబడేది.

అట్లాంటప్పుడు అన్నకు ఆఫీసు ఖర్చుతో కుటుంబమంతా దూర ప్రయాణం చేసే వీలు వచ్చింది. అండమాన్ పోదాం, ఓడ ఎక్కుదాం అని మొదట తానే ఊరించాడు. చుట్టూ నాలుగు దిక్కులా గంగమ్మే ఉండే చోటు ఉందని విని అమ్మ రెండు చేతులూ జోడించింది. ఇంతలో మా వదినె చెల్లెలు మనాలి పోయి మంచులో దిగిన ఫోటోలు తెచ్చి చూపించింది. అంతే, మా వదినెకు దీవి చేదైపోయింది. ఓడలో కడుపులో తిప్పుతుందట, ఉప్పుగాలికి ఒళ్లు నల్లబడుతుందట, పోయిపోయి మళ్లీ ఉక్కపోతలోకే పోవడమేమిటట! నేను నాగర్‌కర్నూల్ పోయి పోట్లాడాను. అన్న పేపర్లోంచి తల ఎత్తకుండా "నీళ్లు యాడ జూసినా నీళ్లే, కొండమీద గూడ నది ఉంటది, గాడ్నే పొయ్యుండ్రి" అన్నాడు. కొడుకు కదా, అమ్మ ఎదురు చెప్పలేదు. నది తీసుకుపోయి పెద్ద గంగకు అందిస్తుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది. నా టికెట్టు నేనే పెట్టుకుని వెంట పోయాను.

బియ్యం ఏరి, పసుపూ నూనే కలిపి, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, కొత్త రవికె గుడ్డ పెట్టి కట్టిన ఆ మూటను అమ్మ రైల్లో ఒక్కపూట కూడా కింద పెట్టలేదు. మనాలి చేరాక ఆ చలి చూడాలి! రోహిణి కార్తెలో కూడా చెలకలో నిలబడే మనిషి, దుప్పట్లో ముడుచుకుని దగ్గుతూ కూర్చుంది. కిటికీలోంచి నది చప్పుడు వినిపిస్తూనే ఉంది. కొంచెం తేరుకున్నాక పొద్దున్నే పోదామని అనుకున్నాం. ఆ సాయంత్రం నేను అమ్మకు దగ్గు మందు తేవడానికి బజారుకు పోయాను. తిరిగివచ్చేసరికి అందరి ముందూ పళ్లేలు, పళ్లేల్లో పచ్చటి అన్నం.

వదినె వెంట తెచ్చుకున్న స్టవ్వు మీద ఆ బియ్యం వండింది. ఇంటినుంచి తెచ్చిన బియ్యం అయిపోయాయట, రొట్టెలు తినలేక పిల్లలు ఏడ్చారట, అమ్మ కునుకు తీస్తుంటే లేపడం ఎందుకని అనుకుందట. నేను అరిచిన అరుపుకు పక్క గదివాళ్లు తలుపు తీసి చూశారు. ఆమె మాత్రం గరిటె కూడా దించలేదు. "ఒడిబియ్యం వండుకునేటియే గదా, గింతదానికి గంత లొల్లా?" అంది. అవును, ఆడపిల్లకు పోసినవి అత్తారింట్లో వండి నలుగురికీ పెడతారు. కానీ ఇవి ఎవరికి పోసినవి? మా అన్న, ఆ పచ్చటి అన్నం కలుపుకుంటూ, "కూసోయే, సల్లగైతది" అన్నాడు! ఆ ముద్ద వాడి గొంతులో ఎట్లా దిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అమ్మ అన్నానికి దండం పెట్టి పళ్లెం పిల్లల ముందుకు జరిపింది. "అన్నం ముందర కొట్లాడొద్దు బిడ్డా" అని నన్నే ఆపింది. మర్నాడు మేము నది దగ్గరికి పోలేదు. ఇంటికి వచ్చాక నేను బాపట్ల సముద్రానికి తీసుకుపోతాను, మళ్లీ బియ్యం కలుపుదాం అని ఎంత బతిమిలాడినా వినలేదు. "ఇస్తనన్నది మనమే తిన్నంక మల్ల ఏం మొఖంతోటి పోత?" అంది.

రెండు ఎండాకాలాలు దాటకముందే బోరు ఎండింది. ఊళ్లో అందరి బోర్లూ ఎండాయి, భూమిలో నీళ్లు ఎందుకు అడుగంటుతాయో పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, నాకు తెలియదా! అమ్మకు మాత్రం ఒక్కటే కారణం తెలుసు. ఆ కారణాన్ని కొడుకు మీదా కోడలి మీదా వేయలేక తన మీదే వేసుకుని, మూతపడిన బోరు గట్టున కూర్చుని కూర్చునే కరిగిపోయింది. ఆమె పోయాక అన్న నాకు ఒడిబియ్యం పోస్తానని కబురు పెడితే, అమ్మ మొక్కు బియ్యం అరిగాయా అని అడగమని పంపాను.

ఇప్పుడు మా చెలక పక్కనే కాలువ పారుతోంది. ఎక్కడో కృష్ణలోంచి ఎత్తిపోసిన నీళ్లు, అమ్మ దుబ్బలో కూలబడి ఏడ్చిన చోట వరి పండిస్తున్నాయి. ఇక కొండైనా దీవైనా ఫోనులో వేలితో నొక్కితే ప్రయాణం ఖాయమైపోతుంది, ఎవరూ ఎవరినీ బతిమిలాడనక్కరలేదు. ఆ రోజుల్లో ప్రయాణమంటే ఇంట్లో ఒకరికైనా పోయి తీరాల్సిన పని ఉండేది. ఇప్పుడు చూసి రావడమే పని.

మేనకోడలికి జవాబు పెట్టాను. "దీవికే. నేనొస్త. ఒడిబియ్యం నేనే కలుపుకొస్త. నా సంచి ముట్టొద్దని మీ అమ్మకు చెప్పు." వెంటనే నవ్వు బొమ్మ ఒకటి వచ్చింది, తమాషా అనుకుందేమో. మొన్న ఆదివారం మా ఊళ్లో, అమ్మ ఇంట్లో, బియ్యం ఏరడానికి కూర్చున్నాను. పసుపు ఎంత వేయాలో, నూనె ముందా పసుపు ముందా, అడుగుదామని అలవాటుగా లోపలి గదివైపు తల తిప్పాను.