ఆరాం జేస్తే ఆరాం కాని నడుము

2010 జూన్‌లో శంషాబాద్ విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించి దించే ఒక సంస్థకు వైద్యాధికారిగా చేరాను. అక్కడ డాక్టరంటే మందులిచ్చేవాడికన్నా ఎక్కువగా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేవాడు. 'అన్‌ఫిట్' అని రాస్తే లోడరు ఉద్యోగం పోయినట్టే.

ఆ సంతకం కోసమే మల్లేశ్‌ను నా దగ్గరికి పంపారు. తుక్కుగూడ మనిషి, కొత్తగా పెళ్లయినవాడు. నెలల తరబడి నడుము నొప్పి. బయటి డాక్టరు డిస్కు జారిందని చెప్పి, బెల్టు ఇచ్చి, పడుకోమన్నాడట. పని చేసినంతసేపూ బాగానే ఉంటాడనీ, సెలవు పెట్టినప్పుడే నొప్పంటాడనీ, అంతా నాటకమనీ సూపర్‌వైజరు ఫోనులో తేల్చేశాడు.

మల్లేశ్ ఒకటే మాట పట్టుకున్నాడు. "ఆరాం జేస్తే ఆరామైతలేదు సార్."

మా తెనాలిలో ఆరాం అంటే తీరిగ్గా కూర్చోవడమే. ఇతనేమంటున్నాడో నాకు బోధపడలేదు. నా మొహం చూసి నర్సు అనిత నవ్వు ఆపుకోలేకపోయింది. ఆమెది రాజేంద్రనగర్.

"మాకు ఆరాం అంటే నయమైనట్టు గూడ సార్. పండుకుంటే తగ్గుతలేదంటుండు."

మరి తిరిగితే ఎలా ఉంటుందని మల్లేశ్‌ను అడిగాను.

"జర తిరిగితే మంచిగనే ఉంటది. పొద్దుగాల మాత్రం నడుం కట్టె లెక్కయితది. మా ఆమె లేపి కూసోబెట్టాలె."

సూపర్‌వైజరు నాటకమన్నదే అసలు లక్షణం. డిస్కు నొప్పి సాధారణంగా పడుకుంటే తగ్గుతుంది. వెన్ను కీళ్లు వాచే జబ్బు పడుకుంటే బిగుస్తుంది, కదిలితే సడలుతుంది. వెన్ను తుంటిని కలిసే చోట ఎక్స్‌రే తీయించి, కీళ్ల నిపుణుడికి చూపించాను. ఆ జబ్బే, యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అని తేలింది.

"ఇగ నౌకరి పోయినట్టేనా సార్?" అన్నాడు మల్లేశ్.

నౌకరీ పోదు, జబ్బూ పోదు, రెండూ చూసుకోవాలన్నాను. సర్టిఫికెట్‌లో ఎవరూ వాడని మూడో గడి ఒకటుండేది, 'షరతులతో ఫిట్' అని. బరువులెత్తించవద్దు, ఒకేచోట కూర్చోబెట్టవద్దు అని అందులో రాశాను. సామాన్లు కదిలే బెల్టు వెంట తిరుగుతూ ట్యాగులు సరిచూసే పని వెతికిపెట్టింది ఆ సూపర్‌వైజరే. ఆయనకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

మాత్రలు, రోజూ వ్యాయామం, బీడీ మానడం. అయినా కొన్ని ఉదయాలు నడుము మొరాయించేది. 2014లో నేను రిటైరైన రోజు మల్లేశ్ భార్యతో వచ్చాడు, నిటారుగా నడుస్తూ. పొద్దున్నే లేపే పని తప్పిందని ఆమె నాకు దండం పెట్టింది. ఆ దండంలో సగం అనితదని చెప్పాను.

రోగి మాట అర్థం కాకపోతే ముందు ఆ మాటే మళ్లీ అడగాలని నేర్చుకున్నాను. మల్లేశ్ తర్వాత నడుము నొప్పని వచ్చిన ప్రతి లోడరునీ మొదట అడిగేవాణ్ణి, "ఆరాం చేస్తే ఆరాం అవుతుందా?" అని. నా యాసకు నవ్వేవారు. జవాబు మాత్రం సరిగ్గా చెప్పేవారు.