వాక్యానికి చోటులేని శుభలేఖ

కానా ఊళ్లో పెళ్లింటికి పిలవగానే వెళ్లిన ప్రభువుకు స్తోత్రం.

నా పెళ్లి శుభలేఖ ఎంచడానికి అన్నయ్య నన్ను మేముండే గార్డెన్ రీచ్ నుంచి భవానీపూర్‌లోని బెంగాలీ కార్డుల కొట్టుకు తీసుకెళ్లాడు. ఆయన మా సంఘ పెద్ద. ప్రతి ఆదివారం విగ్రహాల మీద విరుచుకుపడే ఆ మనిషి, బెంగాలీలు పెళ్లిదేవుడి గుర్తుగా శుభలేఖల మీద వేసుకునే బంగారు సీతాకోకచిలుకను చూసి మురిసిపోయాడు.

“ఎంత మెరుస్తందో సూడే! ఇదే అచ్చేయిద్దాం.”

“మరి పైన బైబిలు వాక్యం?”

“సోటేదే? నా పేరు కింద ‘సంఘ పెద్ద’ అని పడాల గదేటి!”

తన హోదాకు దొరికిన చోటు దేవుని మాటకు దొరకలేదట. కార్డులు వచ్చాక ప్రతిదాని మీదా, సరిగ్గా ఆ పురుగు రెక్కలపైనే, వాక్యం నేనే చేత్తో రాశాను. ఇలాంటి పెద్దల నుంచి సంఘాన్ని కాపాడమని నాతో కలిసి ప్రార్థించండి.