గంగమ్మ కత్తి మీద పరదేశి తోడేలు

కత్తిని చూసి దాని వయసు చెప్పగల మనిషి ఆ రోజుల్లో చిత్తూరు జిల్లా మొత్తానికి ఒక్కడే ఉండేవాడు. ఆ ఒక్కడూ నేనే. ఈ మాట నేనంటే గొప్పలనుకుంటారని, ఇంకెవరైనా అంటారేమోనని ఇన్నేళ్లూ ఎదురుచూశాను. ఎవరూ అనలేదు. ఇక లాభం లేదని నేనే అంటున్నాను.

ఈ విద్య నాకు యుద్ధరంగంలో అబ్బలేదు, టైపు మిషను మీద అబ్బింది. చిత్తూరు కోర్టులకు అవతల ఒక ముసలి దొర ఉండేవాడు. ఆయన బంగళా గోడలకు సున్నం కనబడేది కాదు. అన్నీ కత్తులూ గండ్రగొడ్డళ్లే. ఐరోపా దేశాల వాళ్లందరూ ఒకనాడు యుద్ధాలు మానుకుని, ఆయుధాలన్నీ ఆయన హాల్లో తగిలించి ఇళ్లకు వెళ్లిపోయారా అనిపించేది. వాటి మీద ఆయన ఒక పుస్తకం రాస్తున్నాడు. ఆయన రాసింది నేను టైపు చేయాలి. చేశాక ఆయన కొట్టేస్తాడు. మళ్లీ చేయాలి. పుస్తకం పూర్తి కాలేదు కానీ, ఒకే సంగతి అన్నిసార్లు కొట్టేసరికి ఆ విద్యంతా నా వేళ్లలోకి దిగిపోయింది. చివరికి గరిటె చేతికిచ్చినా దాని బరువు ఎక్కడ ఆగుతోందో చూసి ఏ శతాబ్దానిదో చెప్పబోయేవాణ్ణి.

"ఏ కాలందయితే ఏంది బావా, ముందు ఆ పులుసు కలుపు" అనేది నా భార్య.

దొర నేర్పిన పాఠంలో సారం ఇంతే. పిడిని చూసి మురిసిపోకూడదు. పిడిని ఎవరైనా ఎప్పుడైనా మారుస్తారు. కత్తి ఒంటిని చూడాలి. మధ్యలో గాడి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది? చేసినవాడి ముద్రను ద్రావకం పోసి ఇనుములోకి తినిపించారా, ఉలితో చెక్కి ఇత్తడి పొదిగారా? పదునుండే అంచు, అదే వాదర, ఎటు అరిగింది? ఇవి తెలిస్తే కత్తి తన జాతకం తానే చెప్పుకుంటుంది.

స్వాతంత్ర్యం రావడానికి ముందటి ఏడాది దొర ఇంగ్లండు సీమకు వెళ్లిపోయాడు. ఆయన సామానంతా వేలం వేశారు. కత్తులు కొన్ని నాటకాల వాళ్లకూ, కొన్ని గోడ మీద ఏదో ఒకటి వేలాడకపోతే నిద్రపట్టని పెద్దమనుషులకూ పోయాయి. నేను ఒక వకీలు దగ్గర చేరి దావాలు టైపు చేసుకుంటున్నాను. ప్రపంచంలో ఇంత విద్య ఇలా వృథా అవుతోందేమని బెంగ పెట్టుకున్న వాణ్ణి కూడా నేనొక్కణ్ణే.

మరుసటి ఎండాకాలం మా మామ ఊరి నుంచి కబురొచ్చింది. ఆ ఊరు పాకాల దగ్గర. నాకు పిల్లనిచ్చినవాడు మా మేనమామే. ఊరి గంగజాతరలో అమ్మవారి ముందు కత్తి పట్టుకుని నడిచే హక్కు తరతరాలుగా ఆయన ఇంటిది. పక్కన గండ్రగొడ్డలి పట్టుకుని నడిచే హక్కు ఆయన పెదనాన్న కొడుకు ఇంటిది. ఆయన్ను నేను పెద్దమామ అంటాను. కబురేమిటంటే, గంగమ్మ కత్తి మీద ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయట. అది అసలు కత్తి కాదని, మామ దగ్గరి నుంచి హక్కు తీసేయాలని ఊరు కూర్చోబోతోందట.

నేనూ నా భార్యా బస్సెక్కాం. అది బొగ్గు గ్యాసు బస్సు. పాకాల చేరేలోపు నా తల సగం నెరిసింది, మిగతా సగం మసి వల్ల నల్లగానే ఉండిపోయింది.

మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఏనుగు అడ్డమొచ్చినా "ఏయ్, పక్కకు జరుగు" అనే మనిషి, నన్ను చూసి లేచి నిలబడ్డాడు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

"వచ్చినావా అల్లుడా. నా బతుకు సూడు. రేపు పొద్దున ఊరంతా కలిసి నా చేతిలో కత్తి పెరుక్కుంటారంట."

"నిన్నెవురు తోమమన్నారు నాయనా దాన్ని?" అంది నా భార్య.

"పోయినేడు అమ్మకిచ్చే వేటపోతు ఒక్క దెబ్బకు తెగలేదు కదమ్మా. రెండో దెబ్బ ఎయ్యాల్సొచ్చె. మీ పెదనాయన పండ్లన్నీ బయటపెట్టి నవ్వినాడు."

తెగకపోవడంలో వింత లేదు. ఏటేటా పసుపూ కుంకుమా నూనే పూసి, కడగడం పాపమని వదిలేసి, పొర మీద పొర పేరుకుని ఆ కత్తి రోకలిబండంత అయింది. వాదర సన్నటి గీతలా మాత్రమే బయట కనబడేది. మామ ఈ ఏడు పట్టుదలగా చింతపండూ ఇటుకపొడీ పెట్టి తోమించాడు. పొరలన్నీ ఊడాయి. లోపల నుంచి అక్షరాలూ ఒక జంతువూ లేచి వచ్చాయి. దేశమంతా తెల్లవాణ్ణి పొమ్మంటున్న ఏడాది, గంగమ్మ చేతిలో తెల్ల అక్షరాలు! ఊరికి అంతకన్నా ఏం కావాలి?

"దీన్ని నేను దొర సామాన్ల వేలంలో కొన్నానని, అసలు కత్తి యాడనో అమ్ముకున్నానని అంటా ఉండాడు మీ పెద్దమామ" అన్నాడు మామ. "హక్కు పోతే పోనీ అనుకుందునప్పా. నా తండ్రి, తాత ఎత్తిన కత్తిని నేను అమ్ముకున్నానని పేరు పడితే, ఈ ఊర్లో నేను తల ఎట్ల ఎత్తేది?"

కత్తి తెప్పించి వసారాలో వెలుతురులో పెట్టుకున్నాను. దొర జీవితమంతా వెతికి సంపాదించలేని సరుకు, ఇన్నాళ్లూ మా మామ అటక మీద పసుపు దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది.

మర్నాడు పొద్దున గంగమ్మ గుడి ముందు ఊరంతా చేరింది. పెద్దలు నలుగురు చాప మీద కూర్చున్నారు. ముందుగా జంతువు మీద పంచాయితీ మొదలైంది.

"మేకపిల్లప్పా అది" అన్నాడొకాయన.

"మేకకు తోక అంత పొడుగుంటాదా? కుక్క."

"కండ్లుండాయా మీకు? అది తొండ" అంది ఒక అవ్వ.

"తోడేలు" అన్నాను నేను, కొత్త గ్రహం కనిపెట్టినవాడి గొంతుతో. "పరుగెత్తే తోడేలు. జర్మనీ కమ్మరుల గుర్తు. వాళ్లు కత్తులు చేయడంలో ఎంత ఘనులో తోడేలు బొమ్మ వేయడంలో అంత అన్యాయంగా ఉండేవాళ్లు. ఉలితో గీతలు గీసి ఇత్తడి పొదిగారు చూడండి. ఇప్పటి కత్తులకైతే ద్రావకంతో గుర్తు వేస్తారు, వీపు మీద నంబరుంటుంది, రాజుగారి కిరీటం ఉంటుంది. దీనికి కిరీటం లేదు, నంబరు లేదు. ఈ అక్షరాలు ఇంగ్లీషువి కావు, లాటిను. 'నన్ను చేసినాడు' అని ఉంది. చేసినవాడి పేరు అరిగిపోయింది."

"ఏందీ, కత్తే మాట్లాడతాదా?" అన్నాడు పెద్దలలో ఒకాయన, కొంచెం వెనక్కి జరిగి.

"మాట్లాడుతుంది. మూడు వందల ఏళ్ల కిందటి మాట. చంద్రగిరిలో రాజులున్న కాలం. అప్పట్లో ఇలాంటి కత్తులు పిడి లేకుండా ఓడల్లో వచ్చేవి. మన కమ్మరే లక్కపోసి, ఈ ఇనుప పట్టీలు కొట్టి, మన పిడి తగిలించాడు. పిడి మన ఊరిది, ఒళ్లు వాళ్ల ఊరిది."

జనం ఆహా అన్నారు. నేను మీసం మీద చేయి వేశాను. సరిగ్గా అప్పుడు పెద్దమామ లేచాడు. ఆయన నాకు విలన్ కాడు. మంచి బుర్ర ఉన్న మనిషి. అదే చిక్కు.

"అంతా బాగుండాది అల్లుడా. ఒక్క మాట సెప్పు. ఆ దొర కాడ మున్నూరేండ్ల కత్తులు లేవా?"

"ఉన్నాయి."

"అయితే ఇది ఆడి నుంచి రాలేదని ఎట్ల నమ్మేది?"

ఊరు గుసగుసలాడింది. నిజమే, కత్తికి మూడు వందల ఏళ్లుంటే చాలదు. ఆ మూడు వందల ఏళ్లూ ఈ ఊళ్లో ఉందని చెప్పగలగాలి.

"ఈ కత్తిని ఎలా నూరుతారు?" అని పెద్దలను అడిగాను.

"అది తెలీదా? దీనికి రెండు వాదరలు. అమ్మ తట్టు ఉండే వాదరకు రాయి తగలగూడదు. రెండో వాదర ఒక్కటే నూరేది. మా తాతల కాడి నుంచీ అంతే."

నేను కత్తిని ఎండకు ఎత్తి పట్టుకున్నాను. "అయితే ఈ గాడి చూడండి. చేసిన కమ్మరి దీన్ని సరిగ్గా నడుమ తీశాడు. పిడి దగ్గర, రాయి అందని చోట, ఇప్పటికీ నడుమే ఉంది. పైకి రండి. ఒక పక్క బొటనవేలంత వెడల్పు, రెండో పక్క చిటికెన గోరంత. గాడి జరగలేదు, ఒక వాదర అరిగిపోయింది. ఐరోపాలో ఏ సిపాయీ ఒక్క వాదరే నూరుకోడు. రెండు పక్కలా శత్రువులుంటారు పాపం. ఏడాదికొకసారి, ఒకే పక్క, ఇంత అరగాలంటే ఎన్ని జాతరలు కావాలి? ఈ లెక్క జర్మనీలో తేలదు, లండనులో తేలదు. ఈ గుడి ముందే తేలుతుంది."

పెద్దలు వరసగా వచ్చి వేలితో కొలిచి చూశారు. అవ్వ కూడా కొలిచి, "తొండైతే తొండైంది గానీ కత్తి మనదే" అని తీర్పిచ్చింది.

పెద్దమామ ఒప్పుకోలేదు. "అన్నీ తెలిసినోడివి గదా, ఇదో, నా గొడ్డలి వయసు సెప్పు సూద్దాం. ఇది తప్పితే అదీ తప్పే" అని గండ్రగొడ్డలి నా చేతిలో పెట్టాడు.

అది చేతిలో పడగానే నాకు నవ్వూ చెమటా ఒకేసారి పట్టాయి. అంచు వెంబడి పోత అతుకు సన్నగా కనబడుతోంది. పాతకాలం గొడ్డలిని సుత్తితో సాగదీస్తారు, అచ్చులో పోయరు. మేకుల తలలు కూడా అచ్చులో పోసిన బొమ్మలే. వెనకాల గోడకు తగిలించే బెజ్జం. ఇంత పరీక్ష నాకు అక్కర్లేదు కూడా. ఆ గొడ్డలి నాకు పాత పరిచయం. నకిలీని ఎలా పట్టుకోవాలో చూపించడానికి దొర దాన్ని స్నానాల గది దారిలో వేలాడదీశాడు. దాని మీద ఒక అధ్యాయమే టైపు చేశాను.

బొటనవేలి గోరుతో ఆ అతుకు మీద నెమ్మదిగా గీశాను. తర్వాత బెజ్జంలోంచి పెద్దమామ వైపు చూశాను. ఆయనకు అర్థమైంది. దగ్గరికొచ్చి, నాకు తప్ప ఎవరికీ వినబడకుండా అన్నాడు: "పాతదాన్ని తుప్పు తినేసింది అల్లుడా. ఉత్త చేతుల్తో అమ్మ ముందర ఎట్ల నడిచేది?"

తను వేలంలో కొన్నాడు కాబట్టే అందరూ కొని ఉంటారనుకున్నాడు. అది పాతదేనని నమ్మి కొన్నాడు కాబట్టే అంత ధైర్యంగా నా చేతిలో పెట్టాడు. నా నోట్లో అప్పుడు ఎన్ని మాటలు తయారుగా ఉన్నాయో చెబితే మీరు నమ్మరు. అంత మంచి సభలో, అంత మంచి సమాచారంతో నోరు మూసుకోవడం నా జన్మలో అదొక్కసారే జరిగింది.

"చెప్పమంటారా పెద్దమామా?" అన్నాను పైకి.

"వద్దులేప్పా" అన్నాడాయన, గొడ్డలి తీసుకుని ఊరి వైపు తిరిగి. "అల్లుడు నిజం తెలిసినోడు. కత్తి మా తమ్ముడి ఇంటిదే, అమ్మదే. అనుమానపడింది నేను, ఆ మాట ఎనిక్కి తీసుకుంటా ఉండా."

ఆయన మరుసటి ఏడు పాత గొడ్డలికి తుప్పు గీకించి, కొత్త కర్ర వేయించి, నకిలీ సంగతి ఊరికంతా తనే నవ్వుతూ చెప్పేశాడు. అందుకే ఇక్కడ రాయగలుగుతున్నాను.

జాతర రోజు పెద్దలు ఒక షరతు పెట్టారు. కత్తి మామదే గానీ, ఆ పరదేశి అక్షరాల మీదా జంతువు మీదా మళ్లీ కుంకుమ మెత్తి మూసేయాలన్నారు. మామ ఒప్పుకోలేదు.

"యాడనో పుట్టి, ఓడెక్కి వచ్చి, మున్నూరేండ్లు అమ్మకు సాకిరి చేసిన జీవం అది. దాని మొగం ఎందుకు మూసేది? దాచిపెట్టడానికి నేనేమన్నా దొంగతనం చేసినానా?"

అని వేలితో కుంకుమ తీసి, ఆ తోడేలు నొసట చిన్న బొట్టు పెట్టాడు. జర్మనీ కమ్మరి వేసిన నొసలు ఎక్కడుందో వెతకడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత కత్తిని తలకన్నా ఎత్తుగా లేపాడు. డప్పులు మోగాయి. ఆ డప్పులకు మద్రాసులో కిటికీలు అదిరాయని తర్వాత విన్నాను, చెప్పింది కూడా నేనే.

రెండడుగులు వేసి మామ ఆగాడు. వెనక గుంపులో ఉన్న నన్ను చూసి, "ఆడేం చేస్తా ఉండావు అల్లుడా, ముందుకు రా" అన్నాడు. అల్లుళ్లకు ఆ వరసలో చోటు లేదు, ఎప్పుడూ లేదు. పెద్దలవైపు చూశాను. పెద్దమామ గొడ్డలి భుజాన వేసుకుని పక్కకు జరిగి చోటిచ్చాడు. నేను వెళ్లి ఇద్దరి మధ్యా నిలబడ్డాను.